వరద తగ్గాక గట్టెక్కండి

మా ఊళ్లో వరదని అడుగుల్లో చెప్పుకునేవారు కారు, రేవు మెట్లలో చెప్పుకునేవారు. పొద్దున్నే బిందెతో రేవు నుంచి వచ్చిన మా నాయనమ్మ గుమ్మంలోనే "ఇంకా నాలుగు మెట్లే మిగిలాయిరా" అందంటే, ఆ పూట మగవాళ్లు పొలం పనులు మానేసి ఏటిగట్టు మీదికి వెళ్లేవారు. మెట్లన్నీ మునిగి రావిచెట్టు మొదలు తడిసిందంటే ఇక ఊరంతా గట్టు మీదే. లాంతర్లు, ఇసుక బస్తాలు, క్యానుల్లో టీ, నిద్ర రాకుండా పాత వరదల కబుర్లు. మూడు నాలుగు రోజులకి గోదారి లాగడం మొదలయ్యేది. మెట్లు ఒక్కొక్కటే ఒండ్రు పూసుకుని బయటపడేవి. జనం చాపలు చుట్టుకుని ఇళ్లకెళ్లి, వారం నిద్రంతా ఒక్క రాత్రిలో తీర్చుకునేవారు.

ఒక్కాయన తప్ప. నీటిపారుదల శాఖలో లస్కరుగా పనిచేసి రిటైరైన ఆ పెద్దాయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్లం. ఊరు గట్టు దిగిన రోజునే ఆయన చేతికర్ర పట్టుకుని గట్టెక్కేవారు. "గోదారి తగ్గిపోయిందిగా బాబాయ్, ఇంకా ఎందుకూ?" అని అడిగాను ఒకసారి. "ఏట్లో తగ్గింది. గట్టులో తగ్గలేదురా" అన్నారు. నాకప్పుడు పదహారేళ్లు. పెద్దాయనకి చాదస్తం అనుకున్నాను. ఆ తర్వాత రెండో రోజు తెల్లారేసరికి గట్టుకి ఏటివైపు వాలు, ఇరవై గజాల మేర, దాని మీదున్న తుమ్మచెట్టుతో సహా కిందికి జారి కూచుంది. వాన లేదు, గాలి లేదు. గోదారి ఎక్కడో కింద ఇసుకని రాసుకుంటూ పోతోంది. తుమ్మచెట్టు మాత్రం నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది, పదడుగులు కిందికి దిగి.

వరద పెరుగుతున్నప్పుడు ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తగ్గుతున్నప్పుడు ఏం చూడాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని ఈ అధ్యాయంలో ఆ రెండోదానికే ఎక్కువ చోటిచ్చాను.

గట్టు లోపలి గోదారి

మనం గట్టుని గోడలా ఊహించుకుంటాం. అటు నీరు, ఇటు ఊరు, మధ్యలో గోడ. అలా అనుకున్నంతకాలం మన భయమంతా నీరు దాని మీదుగా దూకుతుందా లేదా అన్నదాని గురించే. కానీ గట్టంటే మట్టి. మట్టంటే గింజలు, గింజల మధ్య సందులు. బిగించి కుట్టిన బియ్యం బస్తా మీద మనిషి ఎక్కి నిలబడతాడు. లోపల గింజ గింజని నొక్కుతూ ఉంటుంది కాబట్టే అంత బరువుని మోస్తుంది. గట్టు బలం కూడా ఆ నొక్కుడే. సందుల్లోకి నీరు చేరి ఆ నీటికి ఒత్తిడి వచ్చిందంటే, అది గింజల్ని ఎడంగా తోస్తుంది. మట్టి అదే, గట్టు ఎత్తు అదే, లోపలి పట్టు మాత్రం సడలిపోతుంది. కార్ల్ టెర్జాగి అనే ఇంజనీరు 1925లో అచ్చయిన తన పుస్తకంతో ఈ సంగతిని లెక్కకి అందేలా చేశారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ గట్టు కట్టినా ఆ లెక్క వెయ్యకుండా కట్టరు.

ఇప్పుడు వరద నాలుగు రోజులు నిలబడిందనుకోండి. గట్టు తడి గుడ్డలా నీరు పీల్చుకుంటుంది. లోపలి నీరు గట్టు వాలుని బయటికి తోస్తుంటే, బయటి గోదారి అదే వాలుని లోపలికి నొక్కి పట్టుకుంటుంది. తలుపుకి అటొకరు ఇటొకరు భుజం ఆనించి నిలబడ్డట్టు. ఇద్దరూ తోస్తున్నంతసేపూ తలుపు కదలదు. ఒకడు చెప్పాపెట్టకుండా తప్పుకుంటే రెండోవాడు తలుపుతో సహా వెళ్లి అవతల పడతాడు. గోదారి తప్పుకుంటుంది. గట్టులోని నీరు అంత తొందరగా తప్పుకోలేదు.

దీనికి తోడు బరువొకటి. నీరు తాగిన మట్టి ఘనపు మీటరుకి దాదాపు రెండు టన్నులు తూగుతుంది. అది నీటిలో మునిగి ఉన్నంతసేపూ అందులో ఒక టన్ను నీరే మోస్తుంది. నూతిలో నీళ్లు తోడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. చేద నీళ్లలో ఉన్నంతసేపూ తాడు తేలిగ్గా వస్తుంది, నీటిమట్టం దాటి పైకి రాగానే చేతులు లాగేస్తాయి. వరద తగ్గినప్పుడు గట్టు వాలుకి జరిగేదీ అంతే. నిన్నటిదాకా ఒక టన్నుగా ఉన్న మట్టి ఇవాళ రెండు టన్నులు. ఆ బరువు కిందికి లాగుతుంది, లోపలి నీరు బయటికి తోస్తుంది, ఆసరాగా ఉన్న ఏరు వెళ్లిపోయింది. ఇక ఆ వాలు నిలబడాలంటే మట్టి మంచిదై ఉండాలి, వాలు మరీ నిటారుగా లేకుండా ఉండాలి.

మట్టి మంచిదనడంలో చిన్న తిరకాసు ఉంది. ఇసుక పాలు ఎక్కువున్న గట్టు వరద నీటిని తేలిగ్గా లోపలికి రానిస్తుంది, అంత తేలిగ్గానే బయటికి వదిలేస్తుంది. నీరు తగ్గితే గట్టులో నీరూ దాంతోపాటే దిగుతుంది. రేగడి, బంకమట్టి అలా కాదు. నీటిని లోపలికి రానివ్వడానికే మొరాయిస్తాయి, అందుకే గట్లకి వాటినే వాడతాం. ఒకసారి వచ్చాక బయటికి పంపడానికీ అంతే మొరాయిస్తాయి. బాగా దిమ్మిస చేసిన బంకమట్టిలో నీటి నడక రోజుకి మిల్లీమీటర్ల లెక్క. గోదారి రోజుకి నాలుగైదడుగులు దిగుతుంటే, గట్టులోని నీరు మిల్లీమీటర్లలో దిగుతుంది. బాబాయ్ చెప్పింది ఇదే. గట్టులో ఇంకో గోదారి మిగిలిపోయి ఉంటుంది, అదింకా పోటు మీదే ఉంటుంది.

ఇది మన ఒండ్రు నేలల జబ్బు మాత్రమే అనుకోకండి. కాలిఫోర్నియాలోని శాన్ లూయీస్ డ్యామ్ లక్షణంగా కట్టిన మట్టి ఆనకట్ట. 1981లో జలాశయాన్ని నాలుగు నెలల్లో 180 అడుగుల మేర దించారు. ఆ సెప్టెంబరులో నీటివైపు వాలు వెయ్యి అడుగులకు పైగా పొడవున జారిపోయింది. అంతకు ముందు పదమూడేళ్లకు పైగా నీరు నిండుతూ తగ్గుతూనే ఉంది, ఏమీ కాలేదు. అంత తొందరగా, అంత కిందికి దించింది మాత్రం అప్పుడే.

అంత దూరం పోనక్కర్లేదు. మన డెల్టాలో ప్రతి వేసవిలో కాలువలు కట్టేస్తారు, మరమ్మతుల కోసం. కట్టేసిన వారంలోపు పంటకాలువ వెంట సైకిలు మీద ఓ నాలుగు మైళ్లు వెళ్లి చూడండి. నెలల తరబడి నిండుగా పారిన కాలువ ఒక్కసారి ఖాళీ అయ్యేసరికి గట్లు అక్కడక్కడా చిన్న చిన్న చంద్రవంకల్లా తెగి కిందికి దిగి ఉంటాయి. పశువులు తొక్కి పాడు చేశాయంటారు చాలామంది. పశువులది కొంత పాపం ఉంటే ఉండొచ్చు, మిగతాది నీరు తియ్యడానిదే.

హెచ్చరికలు ఏరు గురించి, గట్టు గురించి కాదు

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో ఇవే 43, 48, 53 అడుగులు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఈ అంకెలు ఎక్కాల్లా నోటికొచ్చు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందనీ, 2022 జులైలో 71.3 దాకా వెళ్లిందనీ కూడా చెప్పేస్తారు. అయితే 2022లో ఆ 71 నుంచి 43కి దిగడానికి ఎన్ని రోజులు పట్టిందో ఎవర్నైనా అడిగి చూడండి. తల గోక్కుంటారు. ఎంత ఎత్తుకి వచ్చిందన్నది చరిత్ర అవుతుంది, ఎంత తొందరగా తగ్గిందన్నది ఎవరికీ గుర్తుండదు. గట్టు మాత్రం రెండూ గుర్తు పెట్టుకుంటుంది.

హెచ్చరిక ఉపసంహరించారంటే అర్థం ఏట్లో నీరు ఫలానా గీత కిందికి దిగిందని. మీ ఊరి గట్టు బాగుందని ఎవరూ చెప్పలేదు. ఆ రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్లే, గట్టుకి మన కళ్లు బాగా అవసరమైన రోజుల్లో గట్టు మీద ఎవరూ ఉండరు.

అందుకని మీకు చెప్పే మొదటి పని చాలా చిన్నది. రేవు దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి. మెట్లుంటే మెట్లు, లేకపోతే అడుగులు గీసిన వెదురు గడ. వరద మొదలైన రోజు నుంచి పూర్తిగా లాగేదాకా పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ మట్టం ఎంతుందో పిల్లల చేత ఒక నోటుబుక్కులో రాయించండి. పెరిగేటప్పుడు అందరూ రాస్తారు, తగ్గేటప్పుడు మానేస్తారు. మీరు తగ్గేటప్పుడే శ్రద్ధగా రాయండి. వరద ఎన్ని రోజులు నిలబడింది, రోజుకి ఎంత చొప్పున దిగింది అన్న రెండు సంగతులూ మీ చేతిలో ఉంటే, గట్టు గురించి ఏ ఇంజనీరుతోనైనా మాట్లాడొచ్చు. మూడు రోజులు నిలిచిన వరద కన్నా పది రోజులు నిలిచిన వరద గట్టుని లోతుగా తడుపుతుంది. మెల్లగా లాగిన దానికన్నా ఒక్కుమ్మడిగా లాగింది ఎక్కువ చేటు చేస్తుంది. ఎక్కువ రోజులు నిలిచి తొందరగా లాగేసిన వరద ఉంది చూశారూ, దాని తర్వాత వారం రోజులు గట్టుని పసిపిల్లని చూసినట్టు చూడాలి.

సముద్రానికి దగ్గరగా, అంతర్వేది వైపో యానాం వైపో ఉండేవాళ్లకి ఇంకో చిక్కుంది. అక్కడ ఏరు వరద లేనప్పుడు కూడా రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు చూస్తుంది. గట్టు అడుగు తడుస్తూ ఆరుతూ, ప్రతి పాటుకీ కాస్త మట్టి నీటి వెంట జారిపోతూ ఉంటుంది. కొబ్బరిచెట్టు వేళ్లు గాలిలో వేలాడటం మొదలెట్టాయంటే ఆ కోత ఏనాడో మొదలైందన్నమాట.

పెరిగేటప్పుడు ఊరివైపు, తగ్గేటప్పుడు ఏటివైపు

గట్టు మీద నడవడానికీ ఒక పద్ధతి ఉంది. చాలామంది గట్టు మీద నిలబడి ఏటివైపు చూస్తారు. ఎర్రగా, సుడులు తిరుగుతూ, చెట్లనీ గడ్డివాముల్నీ మోసుకుపోతున్న గోదారి కంటిని అటు లాగుతుంది మరి. కానీ నీరు పెరుగుతున్నప్పుడు చూడాల్సింది వెనక్కి, ఊరివైపు, గట్టు కింద.

నీరు గట్టులోంచి నడిచి ఊరివైపు తేలాలంటే కొంత దూరం ఉండాలి. ఇంజనీర్లకి దీనికో మోటు లెక్క ఉంది. బంకమట్టి గట్టయితే లోపలి నీటి గీత నాలుగడుగుల దూరానికి ఒక అడుగు చొప్పున దిగుతుందని, ఇసుక కలిసిన బంకమట్టయితే అయిదడుగులకని, ఇసుక గట్టయితే ఆరడుగులకని లెక్క వేస్తారు. గట్టుకి ఆనుకుని పదడుగుల నీరు నిలబడిందంటే, బంకమట్టి గట్టులో అది అణగడానికి నలభై అడుగుల అడుగు వెడల్పు కావాలి. ఇసుక గట్టుకి అరవై. మీ గట్టు అడుగు వెడల్పు ఒకసారి టేపు పెట్టి కొలవండి. సరిపోకపోతే, ఎక్కువ రోజులు నిలిచే వరదకి ఊరివైపు వాలు మీద తడి తేలి తీరుతుంది. ఎక్కడ తేలుతుందో ముందే తెలిస్తే బస్తాలు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

తడి తేలగానే కంగారు పడకండి. అందులో మట్టి వస్తోందా అన్నది చూడండి. స్టీలు గ్లాసుతో ఆ నీటిని పట్టి పది నిమిషాలు కదపకుండా పక్కన పెట్టండి. తేటగా ఉంటే గట్టు చెమట పట్టిందంతే, కనిపెట్టి ఉంటే చాలు. అడుగున ఇసుకో ఒండ్రో పేరుకుందంటే మాత్రం గట్టు లోపల నీరు దారి తవ్వుకుంటోంది. ఎలుకలు, పందికొక్కులు, పీతలు చేసిన బొరియ అయినా, ఎప్పుడో కొట్టేసిన చెట్టు వేరు కుళ్లి మిగిల్చిన గొట్టమైనా నీటికి చాలు. గంటల్లో అది గండి అవుతుంది.

కొన్నిసార్లు గట్టుకి కాస్త దూరంగా, చేలో, నీరు బుడబుడమంటూ పైకొచ్చి చుట్టూ ఇసుకని చీమలపుట్టలా పోస్తుంది. దాన్ని చూసిన ఎవరైనా ముందు చేసే పని దాని మీద ఓ బస్తా పడెయ్యడం. చెయ్యకండి. నోరు మూసిన నీరు ఇంకోచోట, బహుశా గట్టుకి ఇంకా దగ్గరగా, నోరు తెరుచుకుంటుంది. బుగ్గని మూయొద్దు, బుగ్గ చుట్టూ బావి కట్టండి. ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చుకుంటూ వస్తే లోపల నీరు పెరుగుతుంది. ఆ నిలిచిన నీటి బరువు బుగ్గని కిందికి నొక్కుతుంది, ఏట్లో మట్టానికీ ఇక్కడి మట్టానికీ తేడా తగ్గుతుంది. వచ్చే నీటిలో ఇసుక ఆగిపోయి తేటబడేదాకా వరసలు పెంచండి. తేటబడ్డాక పై వరసలో ఒకచోట చిన్న దారి వదిలి, ఆ నీటిని పొర్లి పోనివ్వండి.

ఇదే లెక్క తలకిందులైతే ఏమవుతుందో మా వైపు చేపల చెరువుల దగ్గర చూడొచ్చు. ఏటిగట్టుకి ఊరివైపు ఆనుకుని చెరువు తవ్వితే గట్టు అడుగు వెడల్పు అంత మేర తగ్గినట్టే. అది చాలదని, వరద నిండుగా ఉన్న రోజుల్లో, చేప పోతుందన్న భయంతో హడావుడిగా పట్టుబడి చేసి ఇంజన్లు పెట్టి చెరువు తోడేస్తారు. అటు పదిహేను అడుగుల గోదారి, ఇటు ఖాళీ గొయ్యి. గట్టుకి ఇంతకన్నా పెద్ద పరీక్ష పెట్టలేం. వరద దిగేదాకా ఆ చెరువులు నిండుగా ఉంటేనే గట్టుకి మంచిది. నేనీ మాట చెప్పి చెరువుల వాళ్లతో తిట్లు తిన్నాను, మళ్లీ చెబుతున్నాను.

గండి పడటానికి రికార్డు వరదే రానక్కర్లేదు. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ గట్టు తెగి, నది బీహార్‌లో ఎప్పుడో వదిలేసిన పాత దారి పట్టింది. లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి పరుగెత్తారు. ఆ గట్టు తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులకి కట్టింది. తెగిన రోజున నదిలో ఉన్నది లక్షన్నరకి అటూ ఇటూ.

చిన్న ఏళ్ల తీరు వేరు. 2024లో ఆగస్టు నెలాఖరు వానలకి బుడమేరు గంటల్లో పొంగింది. మళ్లింపు కాలువకి మూడు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి ఏట్లో గట్టు నానేదాకా ఆగే తీరిక నీటికి ఉండదు, మీదుగా దూకి వెనక నుంచి కోసేస్తుంది. అక్కడ గట్టు ఎత్తు, కాలువ వెడల్పు, పూడికలు, ఆక్రమణలు ముఖ్యం. ఈ అధ్యాయంలో చెబుతున్న నిదానం సూత్రాలు అక్కడ పనికిరావు, అక్కడ సైరన్ మోగగానే ఇల్లు వదలడమే.

ఇక నీరు తగ్గడం మొదలయ్యాక చూపు ఏటివైపుకి తిప్పండి. బాబాయ్ ఏం చేసేవారో చెబుతాను, అంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు. వరదకి ముందే, జూన్‌లో, గట్టు మీద ఏటివైపు అంచుకి రెండడుగుల ఇవతల వరసగా పుల్లలు పాతేవారు, యాభై అడుగులకొకటి. పాతి పురికొస లాగి, అన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసుకునేవారు. వరద లాగాక రోజూ పొద్దున్నే మళ్లీ పురికొస లాగేవారు. ఏ పుల్లైనా గీత తప్పి ఏటివైపుకి జరిగితే అక్కడ ఆగేవారు. వంగి గడ్డి పక్కకి తప్పించి వెతికేవారు. దాదాపు ప్రతిసారీ అక్కడ వేలు పట్టేంత పగులు ఉండేది, గట్టు పొడవునా పోతూ, చివర్లు రెండూ ఏటివైపుకి వంగి. మనం నవ్వినప్పుడు బుగ్గ మీద పడే గీత ఎలా ఉంటుందో అలా. ఆ పగులుకి అటో మేకు ఇటో మేకు దిగ్గొట్టి, మధ్య దూరం అగ్గిపుల్లతో కొలిచి, బీడీ కట్ట కాగితం మీద రాసుకునేవారు. సాయంత్రం మళ్లీ కొలిచేవారు. మర్నాటికి అర అగ్గిపుల్ల పెరిగిందంటే ఆ వాలు ప్రయాణం మొదలెట్టినట్టే. ఇప్పుడు మీ చేతిలో ఫోనుంది. పక్కన స్కేలు పెట్టి, ఒకేచోటు నుంచి రోజూ ఒక ఫొటో తీస్తే ఆ తేదీలే సాక్ష్యం.

పగులు కనిపిస్తే చెయ్యాల్సినవి మూడు, చెయ్యకూడనిది ఒకటి. వాన నీరు పగుల్లోకి దిగకుండా టార్పాలిన్ కప్పండి. ఆ మేర గట్టు మీద ట్రాక్టర్లు, ఆటోలు, పశువులు నడవకుండా రెండు తాటిదుంగలు అడ్డం పెట్టించండి. గట్టు మీది కిలోమీటరు రాయి నంబరు చెప్పి లస్కరుకో, ఏఈకో, గ్రామ సచివాలయంలోనో నోటిమాటగా కాక కాగితం మీద ఇవ్వండి, ఫొటోలతో సహా. చెయ్యకూడనిది జారుతున్న వాలు మీద, గట్టు తలమీద బస్తాలు పేర్చడం. జారే మట్టి నెత్తిన ఇంకో బరువు పెట్టి మనమే తోసినట్టవుతుంది. బరువు పెట్టాల్సింది కింద, వాలు పాదం దగ్గర. రాళ్లో బస్తాలో పాదానికి అడ్డంగా పేర్చితే జారేదానికి ఆసరా దొరుకుతుంది. ఆ పని కూడా ఇంజనీరు వచ్చి చూశాకే. కదులుతున్న వాలు కింద మనుషుల్ని పనికి దింపకూడదు.

కాగితం మీద ఇవ్వమని ఎందుకన్నానంటే, ఒకసారి నేనే ఇలాంటి పగులు చూసి ఒక ఆఫీసుకి ఫోను చేశాను. అవతలాయన ఓపిగ్గానే విన్నారు. విని, "వరద తగ్గిపోయింది కదండీ, ఇప్పుడేం భయం?" అన్నారు. పదహారేళ్లప్పుడు నేను బాబాయ్‌ని అడిగిన ప్రశ్నే అది. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. సాయంత్రం అర్జీ రాసి పట్టుకెళ్లి ఇచ్చాను.

నీరు లేని కాలంలో

గట్టు బాగోగులు ఏప్రిల్, మే నెలల్లో చూసుకోవడం మేలని అందరూ అంటారు. ఎందుకో మాత్రం చెప్పరు. రేగడి ఎండితే బీటలు తీస్తుంది, కర్ర దిగేంత లోతుగా. తొలి వరద వచ్చినప్పుడు నీరు మట్టిలోంచి మిల్లీమీటర్ల చొప్పున నడిచే అవసరం ఉండదు, ఆ బీటల్లోంచి సరాసరి లోపలికి వెళ్లిపోతుంది. పైనుంచి రెండు బుట్టల మట్టి పోసి సరిపెడితే తొలి వానకి కుంగిపోతుంది. బీటని తవ్వి, తడిపి, పొరలు పొరలుగా దిమ్మిస చెయ్యాలి.

ఎండిపోవడమే గట్టుని తెంచగలదంటే మొదట నమ్మబుద్ధి కాదు. నెదర్లాండ్స్‌లో, నీటితో శతాబ్దాలుగా కాపురం చేస్తున్న ఆ దేశంలో, 2003 ఆగస్టు 26 తెల్లవారుజామున విల్నిస్ అనే ఊళ్లో కాలువ గట్టు జారిపోయి వీధుల్లోకి నీరొచ్చింది. వరదా లేదు, తుఫానూ లేదు. ఆ వేసవి కరువుకి గట్టులోని పీట్ మట్టి ఎండి తేలికైపోయింది. పక్కన కాలువలో నీరు ఎప్పటిలాగే ఉంది. తేలికైన గట్టుని ఆ నీరే పక్కకి తోసేసింది.

గట్టు చెట్ల గురించి ఒక్క మాట. గడ్డి ఉండాలి, దట్టంగా, ఏడాది పొడవునా. పెద్ద చెట్లు గట్టు మీద వద్దు. ఉన్నవాటిని కొట్టి మొద్దులు వదిలెయ్యడం మరీ వద్దు, వేళ్లు కుళ్లితే నీటికి గొట్టాలు వేసినట్టే. ఇసుక తవ్వకాల సంగతి మీకు నేను చెప్పాలా? గట్టు పాదం దగ్గర ఏటి అడుగుని పదడుగులు తవ్వితే గట్టు ఎత్తు పదడుగులు పెరిగినట్టే. పెరిగిన ఆ ఎత్తంతా నిటారు గోడ, ఏ ఆసరా లేకుండా.

జులై, ఆగస్టుల్లో ఏదో ఒక రోజు టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో 'ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక ఉపసంహరణ' అని వస్తుంది. వెదురు గడ, పురికొస, టార్పాలిన్, ఫోను దగ్గర పెట్టుకుని, తోడుగా ఇంకొకర్ని వెంటేసుకుని, ఆ సాయంత్రమే గట్టెక్కండి. ఊరంతా కిందికి దిగుతూ ఎదురొస్తుంది. ఎందుకని అడుగుతారు. ఏట్లో తగ్గింది, గట్టులో తగ్గలేదని చెప్పండి.